మూడు రాళ్ల మీద ఒకే గీత

పాత నగలకు కాలం, విలువ కట్టే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇద్దరు ముగ్గురు నెలకోసారి సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లో మా ఫ్లాట్‌కు వస్తుంటారు. నేను చెప్పేది శ్రద్ధగా రాసుకుంటారు. వెండి గురించి, రాళ్ల గురించి, టంకం గురించి అన్నీ చెబుతాను. ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్లుగా దాటవేస్తూ వచ్చాను. నేను సంతకం పెట్టిన ఒక కాగితం తరువాత ఒక ఇల్లాలి ఎడమ చెయ్యి నెలల తరబడి కదలిక మరిచిపోయింది. అదెలా జరిగిందో ఈనాటికీ నాకు పూర్తిగా తెలియదు. నా తప్పు ఎక్కడుందో తెలుసు. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు అది పనికొస్తుందని రాస్తున్నాను.

వెనక్కి తిప్పి చూడటం

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయాలో కొబ్బరి ఎస్టేటుకు వెళ్లినవాడు. నేను అక్కడే పెరాక్‌లో పుట్టి, ఇరవయ్యో ఏట పని వెతుక్కుంటూ సింగపూర్ వచ్చాను. మా ఇంట్లో నన్ను లచ్చిమి అనేవారు. పాస్‌పోర్టులో లచ్మీ అని పడింది. పనికి చేరిన పాత నగల దుకాణంలో ముప్పై ఏళ్లు మిస్ లచ్మీగానే గడిచిపోయింది.

దుకాణం యజమాని మిస్టర్ కో. తరాలుగా ఇక్కడే స్థిరపడ్డ చీనా కుటుంబం వాళ్లది. ఇంగ్లిష్‌లో మలయ్ కలిపి తక్కువగా మాట్లాడేవాడు. ఒక అమెరికన్ ఇంజనీరు భార్య ఊరు విడిచి వెళ్తూ ఒక పెట్టెడు నవాహో నగలు ఆయనకు అమ్మి వెళ్లింది. నవాహోలు అమెరికా నైరుతి ఎడారి ప్రాంతపు ఆదివాసులు. వెండిలో ఫిరోజా రాయి పొదిగి వాళ్లు చేసే కడియాలకు, హారాలకు ఎక్కడెక్కడి వాళ్లో మోజుపడతారు. ఆ నీలపు రాయినే ఇంగ్లిష్‌లో టర్కాయిస్ అంటారు. మిస్టర్ కో ఆ పెట్టెను చాలా కాలం అమ్మలేదు. దాన్ని ముందు పెట్టుకుని చదువుకున్నాడు. అరిజోనాలో ఒక నవాహో కంసాలి చిరునామా సంపాదించి ఉత్తరాలు రాశాడు. ఆయన జవాబులు రాశాడు. అలా ఇరవై ఏళ్లు ఒకరినొకరు చూసుకోకుండానే స్నేహం చేశారు. ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గర నవాహో నగ ఉన్నా మా దుకాణానికే తెచ్చేవారు.

నేను చేరిన మొదటి ఏడాది ఆయన నాకు నగ ముఖం చూపించలేదు. ప్రతిదీ బోర్లించి నా ముందు పెట్టేవాడు. పాత రోజుల్లో నవాహో కంసాలులు వెండి నాణేలు కరిగించి, కడ్డీగా పోసి, సుత్తితో సాగగొట్టేవారు. అలాంటి వెండి వెనక వైపు మందం అన్నిచోట్లా ఒక్కలా ఉండదు. సన్నని పొరలు లేచినట్టు కనిపిస్తాయి. తరువాతి కాలంలో మిల్లు రేకు వచ్చింది, వీపు నున్నగా అయింది. పాతవాటి మీద ముద్రలు చేతితో చేసుకున్న ఉలులతో కొట్టినవి కాబట్టి ఏ రెండూ ఒక్క లోతులో దిగవు. రాయిని పట్టుకునే వెండి అంచు మొదట్లో ఎత్తుగా, సాదాగా ఉండేది. కంసాలి తన గుర్తు వేయడం చాలా తరువాత వచ్చిన అలవాటు. ఇవన్నీ వేలితో, భూతద్దంతో నేర్చుకున్నాను.

మొదటి తప్పు రెండో ఏడాదిలోనే చేశాను. ఒక వెండి బొత్తాం చెక్కడాల్లో కమ్మిన నలుపు చూసి, తడుముకోకుండా నూరేళ్లదన్నాను. మిస్టర్ కో దూదిపుల్లతో గట్టిగా రుద్దాడు. నలుపంతా దూదికి వచ్చింది, కుళ్లిన గుడ్డు వాసన వేసింది. గంధకం మందు పూసి చేసిన నలుపు. ఆయన నన్ను తిట్టలేదు. వారం రోజులు నా చేతే కొత్త వెండిని ఆ మందులో ముంచి నల్లబరిపించాడు. మోసం ఎలా చేస్తారో చేతికి తెలియాలి అన్నాడు. ఆ వాసన నా వేళ్లకు నెల రోజులు వదల్లేదు. చాలామంది యజమానులు తప్పు చేసినవాళ్లను నలుగురిలో నిలబెట్టి అరుస్తారు. అరిస్తే మనిషి తప్పు దాచడం నేర్చుకుంటాడు. మిస్టర్ కో దగ్గర నేను దాచడం నేర్చుకోలేదు. అయినా ఒకసారి దాచాను. అది తరువాత చెబుతాను.

కంప్యూటర్ల కాలం

రెండు వేల సంవత్సరం అటూ ఇటూగా, కంప్యూటర్ ఉద్యోగాలు ఊపందుకున్న రెండు మూడేళ్లలో సింగపూర్‌లో మన తెలుగువాళ్లు ఒక్కసారిగా పెరిగారు. రైల్లో తెలుగు వినబడితే వెనక్కి తిరిగి చూసే రోజులు పోయాయి. వాళ్లలో కొందరు నేరుగా ఆంధ్రా నుంచి కాకుండా అమెరికా మీదుగా వచ్చారు. అరిజోనాలో కంప్యూటర్ చిప్పుల కంపెనీలు ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. అక్కడ రెండు మూడేళ్లు చేసి ఇక్కడికి మారినవాళ్ల సామాన్లలో ఒకటో రెండో నవాహో నగలు ఉండేవి. ఎక్కువ భాగం విమానాశ్రయం దుకాణాల సరుకు. రంగు వేసిన ప్లాస్టిక్కును రాయి అనుకుని తెచ్చేవారు. వేడి సూది మొన ఆనిస్తే వాసనే చెప్పేది. నవ్వుకుంటూ తిరిగి పట్టుకుపోయేవారు.

వాసంతి అలా వచ్చింది. తెనాలి అమ్మాయి, ముప్పై దాటి ఉంటాయి. భర్త రఘు ఫీనిక్స్‌లో పని చేసి, ఏడాది కిందట ఇక్కడికి మారాడు. బుకిట్ పంజాంగ్‌లో కాపురం. ఆ రోజు మిస్టర్ కో కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నాడు. దుకాణంలో నేను ఒక్కదాన్నే. తెలుగు వినగానే ఆమె ముఖం విప్పారింది. నా ఎస్టేటు తెలుగు విని నవ్వింది. మా తాతమ్మ మాట్లాడినట్టుంది ఆంటీ అంది.

సంచిలోంచి తీసి కడియం బల్ల మీద పెట్టింది. వెనక వైపు తెరిచి ఉండే కడియం. పైన చెయ్యి పొడవునా వరసగా మూడు ఫిరోజా రాళ్లు. అక్కడ ఎవరో పెద్దాయన చనిపోతే ఆయన ఇంటి సామాను అమ్మారట. ఆ సామానులో ఒక సిగార్ పెట్టెలో పాత తాళంచెవులతో పాటు దొరికిందట. ఇది నిజంగా పాతదేనా, వేసుకోవచ్చా అని మాత్రమే అడిగింది.

బోర్లించి చూశాను. సుత్తితో సాగగొట్టిన వెండి. ఉలి ముద్రలు ఒక్కొక్కటి ఒక్కో లోతు. రాళ్లు చేతితో అరగదీసినవి. సులువుగా నూరేళ్లు దాటిన కడియం. అంత మంచిది నేను మూడు నాలుగుసార్ల కంటే ఎక్కువ చూడలేదు.

రాళ్ల మీద ఒక వింత ఉంది. ఫిరోజా రాయి నీళ్లను, చెమటను, నూనెను పీలుస్తుంది. వేసుకోగా వేసుకోగా నీలం ఆకుపచ్చకు తిరుగుతుంది. మనిషి చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది కాబట్టి ఆ పచ్చదనం మచ్చలు మచ్చలుగా, ఒక పద్ధతి లేకుండా వస్తుంది. ఈ కడియంలో అలా లేదు. మూడు రాళ్లలోనూ కింది భాగం పచ్చగా, పై భాగం నీలంగా ఉంది. రెండింటి మధ్య గీత గీసినట్టు తిన్నగా ఉంది. మొదటి రాయి మీద మొదలైన గీత రెండో రాయి మీదుగా మూడో రాయి దాకా ఒకే మట్టంలో సాగింది. కుండలో నీళ్లు నిలిచిన ఆనవాలులా ఉంది.

ఇంకొకటి. ఎన్నో ఏళ్లు చేతికున్న కడియం లోపలి అంచులు అరిగి, సబ్బుబిళ్లలా నునుపు తేలుతాయి. ఈ కడియం లోపల అరుగుదల లేదు. గరుకుగా, బూడిదరంగు పెచ్చు కట్టి ఉంది.

రెండూ చూశాను. చూడలేదని అనలేను. వాసంతి నా ముఖమే చూస్తోంది. నూరేళ్ల వస్తువు గుర్తుపట్టిన సంతోషంలో ఉన్నాను. నవాహో దేశంలో నగలు దుకాణదారు దగ్గర తాకట్టు పెట్టడం, విడిపించుకోలేక వదిలేయడం మామూలు. అలా వదిలేసిన నగ అయి ఉంటుంది, ఏళ్ల తరబడి ఏదో తడి గోడను ఆనుకుని ఉండిపోయి ఉంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. కాగితం మీద కాలం రాశాను. సన్నని మణికట్టు గల స్త్రీ ధరించినది, తాకట్టులో మిగిలినది అని రాసి సంతకం పెట్టాను. నిశ్చింతగా వేసుకోమ్మా అన్నాను. పద్ధతి ప్రకారం పైనా లోపలా ఫొటోలు తీసి, గీత ఎత్తు కొలిచి ఫైల్లో పెట్టుకున్నాను.

మిస్టర్ కో తిరిగి వచ్చాక ఆ వారం ఏమేం వచ్చాయని అడిగాడు. మంచి పాత కడియం ఒకటి వచ్చిందన్నాను. గీత సంగతి, గరుకు సంగతి చెప్పలేదు. నేను దాచింది అదే.

సాహితి అన్న మాట

ఐదు నెలల తరువాత ఒక శనివారం వాసంతి మళ్లీ వచ్చింది. వెంట ఏడేళ్ల కూతురు సాహితి ఉంది. రాళ్ల రంగు మారుతోంది, ఒకవేళ రంగు వేసిన రాళ్లా ఆంటీ అని అడిగింది. ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి బల్ల మీద పెట్టింది. బొటనవేలు పైకి ఉండేలా, చెయ్యి పక్కకు వాల్చి పెట్టింది. కడియం ఆ చేతికే ఉంది.

వేసుకుంటే పచ్చబడటం సహజమేనని చెప్పబోయాను. అలవాటుగా భూతద్దం పెట్టి చూసి ఆగిపోయాను. పచ్చదనం పెరిగింది. గీత మాత్రం చెరగలేదు. మూడు రాళ్ల మీదా ఒకే మట్టంలో, మునుపటి కంటే పైకి వచ్చి, అంతే తిన్నగా ఉంది. ఫైలు తీసి, సన్నని కొలతలు చూపే కాలిపర్‌తో కొలిచాను. రెండు మిల్లీమీటర్లు ఎక్కింది. మళ్లీ కొలిచాను. అంతే వచ్చింది.

మనిషి చేతికున్న కడియం మీద అలాంటి గీత రాదు. వంట చేసే చెయ్యి, జడ వేసే చెయ్యి, రైల్లో కడ్డీ పట్టుకునే చెయ్యి. పూటకు వెయ్యిసార్లు తిరుగుతుంది. ఈ చేతితో నువ్వు ఏ పనీ చేయడం లేదా అని అడిగాను. వాసంతి ఆశ్చర్యపోయింది. అన్నీ చేస్తున్నాను కదా అంది.

సాహితి బల్ల మీది బొమ్మతో ఆడుకుంటూ తల ఎత్తకుండానే, "నో లా, ఆంటీ. అమ్మాస్ దట్ హ్యాండ్ స్లీపింగ్. లాంగ్ టైమ్ ఆల్రెడీ," అంది సింగపూర్ పిల్లల ఇంగ్లిష్‌లో. అమ్మ ఆ చెయ్యి చాలా రోజులుగా నిద్రపోతోందట.

వాసంతి నవ్వేసింది. పిల్ల ఏదో అంటుందిలే అంది. నేను చేతిని చూస్తూ ఉండిపోయాను. మేము మాట్లాడినంతసేపూ కుడి చెయ్యి గాలిలో ఆడుతూనే ఉంది. ఎడమ చెయ్యి పెట్టిన చోట పెట్టినట్టే ఉంది. వేళ్లు కూడా కదల్లేదు. ఒకసారి పిడికిలి పట్టు అన్నాను. పట్టింది. విప్పమంటే విప్పింది. బలం ఉంది, నొప్పి లేదు. అడగడం ఆపగానే చెయ్యి నెమ్మదిగా పక్కకు ఒరిగి, బొటనవేలు పైకి ఉండేలా సర్దుకుని మళ్లీ అలాగే నిలిచిపోయింది.

కడియం రెండు రోజులు నా దగ్గర ఉంచి వెళ్లమన్నాను. ఆమె మర్యాదగానే కాదంది. తీస్తే చలిగా ఉంటుంది, ఉండనివ్వండి ఆంటీ అంది. బయట ఎండ మండిపోతోంది. నేను పట్టుబట్టలేదు. పట్టుబడితే ఆ కాగితం తప్పని ఒప్పుకోవాలి. వాళ్లు లిఫ్టు వైపు వెళ్తుంటే అద్దంలోంచి చూశాను. పిల్ల తల్లికి ఎడమ పక్కన నడుస్తోంది. చెయ్యి పట్టుకోలేదు, అమ్మ సంచి తాడు పట్టుకుంది.

రెండు కాలాలు

సోమవారం మిస్టర్ కో ముందు ఫైలు, రెండు ఫొటోలు పెట్టి అంతా చెప్పాను. ఆయన ఫొటోలను చేతితో తాకలేదు. పెన్సిల్ మొనతో దగ్గరకు జరుపుకున్నాడు. లోపలి గరుకు పెచ్చు ఉన్న ఫొటో చాలాసేపు చూశాడు. వెండి కాలం సరిగ్గానే చెప్పావన్నాడు. తరువాత అడిగాడు, అది ఎప్పుడు ఆగిపోయిందో చూశావా అని.

నాకు అర్థం కాలేదు. ఆయన నిదానంగా చెప్పాడు. పాత నగకు రెండు కాలాలుంటాయి. ఎప్పుడు చేశారన్నది ఒకటి. ఎప్పుడు ఆగిందన్నది రెండోది. వెండి, ముద్రలు మొదటిది చెబుతాయి. అరుగుదల రెండోది చెబుతుంది. దీనికి అరుగుదల లేదు. అంటే వేసుకున్న కొద్ది రోజులకే ఆగిపోయింది. పెచ్చు మట్టి వల్ల వచ్చింది. గీత తడి వల్ల వచ్చింది. కదలని చేతికి ఉండి, సగం దాకా తడి మట్టిలో, చాలా ఏళ్లు.

ఆయన సమాధి అన్న మాట వాడలేదు. అవసరం లేకపోయింది.

నవాహోలు చనిపోయినవాళ్ల వెంట పెట్టిన వస్తువును మళ్లీ ముట్టరు. దాని గురించి మాట్లాడటానికి కూడా ఇష్టపడరు. ఇది మిస్టర్ కోకు అరిజోనా నుంచి వచ్చిన ఉత్తరాల్లో నేను చదివినదే. తెలియక తప్పు చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. ఎవరో తవ్వి తీశారు, సిగార్ పెట్టెలో దాచారు, ఆ మనిషి పోయాక సామానుతో పాటు అమ్ముడుపోయింది. నేను దానికి మంచి పుట్టుక రాసి ఇచ్చాను.

అప్పటికి దుకాణంలో ఈమెయిల్ సదుపాయం వచ్చింది. అరిజోనా కంసాలి వృద్ధుడైపోయాడు. ఆయన మేనకోడలు కంప్యూటర్ చూసేది. సంగతి క్లుప్తంగా రాసి ఫొటోలు జతచేశాను. మర్నాడే జవాబు వచ్చింది. ఇలాంటి ఫొటోలు ఇంకెప్పుడూ పంపొద్దని, వచ్చినవి తీసేశానని ఆమె రాసింది. కడియం పంపించాల్సిన చోటు చిరునామా ఇచ్చింది. అది వాళ్ల జాతి వాళ్లు ఇలాంటివి తిరిగి తీసుకునే కార్యాలయం. చివర ఒక ప్రశ్న ఉంది. మామయ్య అడగమన్నాడని రాసింది. ఇప్పుడు దాన్ని ఎవరైనా వేసుకుంటున్నారా?

వేసుకుంటున్నారని రాశాను. మూడు వారాలు చూశాను, దానికి జవాబు రాలేదు.

బుకిట్ పంజాంగ్

వాసంతి ఇంటికి ఫోన్ చేస్తే రఘు తీశాడు. నేను మొదలుపెట్టేలోపే ఆయన మొదలుపెట్టాడు. పదిహేను రోజులుగా ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నారట. నరాల పరీక్షలు, మెడకు స్కాన్ అన్నీ చేశారట. ఏ లోపమూ లేదన్నారట. ఆమె నిద్ర కూడా మారిపోయిందట. ఎడమవైపు తిరిగి, చెయ్యి చాపి ఎలా పడుకుందో అలాగే ఉంటోందట. దుప్పటి ముడత కూడా పడటం లేదని చెబుతూ ఆయన గొంతు తగ్గించాడు. నేను వస్తున్నానని చెప్పాను.

ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. ఆ కొత్త చిన్న రైలు ఫ్లాట్ల మధ్యలోంచి వంపులు తిరుగుతూ పోతుంటే, ఏం చెప్పాలో కూర్చుకుంటూ వెళ్లాను. సాహితిని రఘు ఆడుకోవడానికి కిందికి తీసుకెళ్లాడు. వాసంతి సోఫాలో కూర్చుని ఉంది. పక్కన ఉతికిన బట్టల కుప్ప ఉంది. కుడి చేత్తో ఒక్కొక్కటే తీసి, మోకాలి మీద పరిచి, గడ్డంతో అదిమి మడత పెడుతోంది. ఎడమ చెయ్యి పక్కన కుషన్ మీద ఉంది. కడియం మీది గీత నాకు గుమ్మంలోంచే కనబడింది. దాదాపు పై అంచుకు చేరింది.

నిజం చెప్పాను. ఇది తాకట్టులో మిగిలిన నగ కాదమ్మా, చనిపోయిన మనిషి చేతిది. ఆనవాళ్లు చూసి కూడా నీకు చెప్పలేదు. తప్పు నాది. ఇది వాళ్ల వాళ్లకు తిరిగి వెళ్లిపోవాలి. నువ్వు ఒప్పుకుంటేనే పంపుతాను.

ఆమె భయపడుతుందని, కోప్పడుతుందని అనుకున్నాను. రెండూ లేవు. మడత పెడుతున్న గౌను పక్కన పెట్టి చాలాసేపు చేతి వైపు చూసింది. తరువాత తల ఊపింది.

తెరిచి ఉండే కడియాన్ని ముందుకు లాగి తీయకూడదు. మణికట్టు సన్నని వైపుకు తిప్పి, ఒక కొన ముందు జారనివ్వాలి. వెయ్యిసార్లు చేసిన పని. పట్టుకున్నాను. వెండి చల్లగా ఉంది. ఒంటి మీది నగ ఒంటి వేడిలోనే ఉంటుంది, అది నా వేళ్లకు బాగా తెలుసు. ఇది కుండలో నీళ్లంత చల్లగా ఉంది. తిప్పబోతుంటే వాసంతి నా మణికట్టు పట్టుకుంది.

"నెమ్మదిగా ఆంటీ," అంది గుసగుసగా.

ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. గుసగుసలాడాల్సిన అవసరం లేదు. అయినా నేనూ ఊపిరి బిగబట్టి, చప్పుడు కాకుండా, వీలైనంత నెమ్మదిగా తీశాను. కింద చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. దాని మీద అడ్డంగా సన్నని ఆకుపచ్చ చార ఉంది. చెయ్యి మాత్రం అలాగే కుషన్ మీద ఉండిపోయింది.

పంపడం

చెయ్యి వెంటనే రాలేదు. కడియం తీయగానే లేచి కాఫీ కలిపిందని రాస్తే బాగుంటుంది, కానీ అలా జరగలేదు. ఆసుపత్రిలో చేతికి కసరత్తులు చేయించారు. మూడో వారంలో సాహితి జడ రెండు చేతులతో అల్లిందని రఘు ఫోన్ చేశాడు. కడియానికీ చేతికీ సంబంధం ఉందని నేను ఎవరికీ చెప్పలేదు. లేదని కూడా చెప్పలేను.

కార్యాలయం నుంచి అనుమతి వచ్చేవరకు కడియం మా పెట్టెలో ఉంది. నేను ఒక పని చేశాను. గీత కింది వైపు పైకి వచ్చేలా తలకిందులుగా దూదిలో నిలబెట్టాను. ఏమవుతుందో చూడాలనిపించింది. పదో రోజు కాలిపర్ తీసుకుని కొలుస్తుంటే మిస్టర్ కో వచ్చి నా చేతిలోంచి కాలిపర్ మెల్లగా తీసుకున్నాడు. "చాలు లా, లచ్మీ," అన్నాడు. కడియాన్ని ఆయనే తిన్నగా పడుకోబెట్టి మూత వేశాడు. ఎంత తెలుసుకోవాలో తెలిసినవాళ్లు ఈ పనిలో తక్కువ. నాకు ఆ కొలత తీసుకునే హక్కు లేదు. ఆ రోజు వరకు అలాంటి హక్కు ఒకటుంటుందని కూడా నేను ఆలోచించలేదు.

నేను రాసిచ్చిన కాగితాన్ని వాసంతి దగ్గరి నుంచి వెనక్కి తీసుకుని, తప్పు అని రాసి, కింద మళ్లీ సంతకం పెట్టాను. మీలో ఎవరికైనా అలాంటి రోజు వస్తే కాగితం చింపేయకండి. తప్పు కనబడేలా ఉంచి సంతకం పెట్టండి. చింపితే తరువాత మనకే గుర్తుండదు.

కడియం చేరిందని ఆ మేనకోడలి నుంచి రెండు వాక్యాలు వచ్చాయి. ఉండాల్సిన చోటుకు వెళ్లిపోయిందని రాసింది. అడగకూడదని తెలిసీ ఒక్కటి అడిగాను. మీ మామయ్యకు ఏమైనా తెలిస్తే, ఎలాంటి మనిషిదై ఉంటుంది? లోపలి కొలత మాత్రం అంకెల్లో రాశాను. జవాబు చాలా రోజులకు వచ్చింది. ఆ కొలతవి ఆడపిల్లలకు చేసేవారట. పది పన్నెండేళ్ల పిల్లలకు. ఇంతకు మించి మామయ్య మాట్లాడడు, మీరూ మాట్లాడొద్దు అని ఉంది.

సన్నని మణికట్టు గల స్త్రీ అని రాశాను నేను.

ఆ ఏడాది ఆఖరులో వాసంతి దుకాణానికి వచ్చింది. సాయంత్రం, మూసే వేళ కాలేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. ఆ చార ఎప్పుడో పోయింది. బాగానే ఉన్నానంది. రఘుకు చెప్పని మాట ఒకటి మీకు చెప్పాలంది.

"నొప్పి కాదు ఆంటీ, తిమ్మిరీ కాదు. సాహితి చంటిపిల్లప్పుడు నా చేతి మీద తల పెట్టుకుని పడుకునేది. చెయ్యి లాగితే లేచిపోతుందని ఎంతసేపైనా అలాగే ఉంచేదాన్ని. అచ్చం అలా ఉండేది. డాక్టర్ కదపమంటే కదపగలను. కదపబుద్ధి కాదు అంతే. బరువు తెలిసేది నాకు." నా వైపు తిరిగి అడిగింది. "ఎవరిది ఆంటీ అది?"

మాట్లాడొద్దని వాళ్లు రాశారు. కానీ ఆమెకు ఒకసారి అబద్ధపు పుట్టుక రాసి ఇచ్చినదాన్ని నేనే. ఎవరో పెద్దావిడదని మళ్లీ చెప్పి పంపలేకపోయాను.

"ఆడపిల్లదమ్మా," అన్నాను. "చిన్నపిల్ల."

వాసంతి ముఖంలో ఆశ్చర్యం లేదు. కుడి చేత్తో ఎడమ మోచేతి మీద, తల ఆనే చోట, ఒకసారి నిమిరింది.

"మీరు తీసినప్పుడు ఆ పిల్ల లేవలేదు ఆంటీ," అంది. "నేను చూస్తూనే ఉన్నా. లేవలేదు."